గిన్నె దగ్గర గుర్రు: ఇంట్లో రెండు కుక్కలున్నవారికి సమస్య - పరిష్కారం

హైదరాబాద్ ఫ్లాట్లలో ఈ జంట ఇప్పుడు మామూలే: ముందునుంచీ ఉన్న ఒక ల్యాబ్రడార్, వీధిలో దొరికితే తెచ్చుకున్న ఒక దేశీ కుక్క. వాకింగ్‌కి కలిసే వెళ్తాయి, ఒకదాన్ని ఒకటి ఆనుకుని పడుకుంటాయి. గిన్నె దించగానే మాత్రం ఒకదాన్ని చూస్తే ఒకదానికి పడదు. "ఇంట్లో పెద్ద ఎవరో అవే తేల్చుకుంటాయిలే" అని చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో అది తప్పు. తన నోటి దగ్గరిది పక్కది లాక్కుంటుందన్న భయమే ఇందులో ఎక్కువ. కేకలేస్తే భయం పోదు కాబట్టి ముందు ఇంటి ఏర్పాటు మార్చాలి.

తింటూ తింటూ బిగుసుకుపోతోంది

గుర్రు వినపడేసరికే గొడవ సగం నడిచిపోయి ఉంటుంది. అంతకుముందే ఈ గుర్తులు కనిపిస్తాయి: తింటున్నది ఒక్కసారిగా కదలకుండా ఆగిపోతుంది, తల గిన్నెలోకి ఇంకా దించేస్తుంది, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనపడేలా పక్కకి చూస్తుంది, లేదంటే గబగబా మింగేస్తుంది.

కారణం చాలాసార్లు గిన్నెలు పక్కపక్కనే ఉండడం. ముందు తినేసిన కుక్క రెండోదాని గిన్నె వైపు నడుస్తుంది, మనం పట్టించుకోం. రోజంతా గిన్నెలో తిండి వదిలేసే ఇళ్లలో ఇది ఇంకా ఎక్కువ.

ఒకదానికి వంటింట్లో, రెండోదానికి బెడ్‌రూమ్‌లో పెట్టి తలుపు వేయండి. బాల్కనీ అయినా పర్వాలేదు కానీ మే నెల మధ్యాహ్నం వద్దు. రెండూ తిన్నాక గిన్నెలు తీసి కడిగి, ఆ తర్వాతే తలుపు తెరవండి. ఖాళీ గిన్నెకి కూడా కాపలా కాసే కుక్కలుంటాయి. చాలా ఇళ్లలో సమస్య ఈ ఒక్క మార్పుతోనే సర్దుకుంటుంది. రెండూ పక్కపక్కనే తినాలన్న రూలేమీ లేదు.

నిన్నటిదాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి మొదలైంది

ట్రైనింగ్ కంటే ముందు డాక్టర్. పంటి నొప్పి, చెవిలో ఇన్ఫెక్షన్, కీళ్ల నొప్పి, టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం), ఏదైనా కావచ్చు. దురదకి వాడే ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు ఆకలిని బాగా పెంచుతాయి, ఆ సంగతీ అడగండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది.

గుర్రుమనడం మానేసి నేరుగా కరుస్తోంది

గుర్రుమన్నప్పుడల్లా కొడితే ఇదే జరుగుతుంది. "దగ్గరికి రాకు" అని చెప్పే దారి మూసేశారు, భయం మాత్రం అలాగే ఉంది. తింటుండగా గిన్నెలో చెయ్యి పెట్టి అలవాటు చేయాలని పెద్దవాళ్లు చెప్తుంటారు. అది చేస్తే మీ మీద కూడా నమ్మకం పోతుంది. గుర్రు వినపడితే తిట్టకండి, రెండో కుక్కని పిలిచి దూరంగా తీసుకెళ్లండి.

ఆ తర్వాత నేర్పాల్సింది ఒకటే: పక్కది కనపడితే నాకు మంచిదే జరుగుతుంది. దీనికి ఇద్దరు మనుషులు కావాలి, రెండు కుక్కలకీ లీష్ ఉండాలి. గుర్రుమనే కుక్క హాల్లో ఒక చివర, దాని ముందు రోజూ తినే మామూలు తిండి కొంచెం. రెండోది అవతలి చివర గుమ్మంలో కనపడగానే మొదటిదానికి ఉడికించిన చికెన్ ముక్కలు వరసగా వేయండి. ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం. రెండోది పక్కకి తప్పుకోగానే చికెన్ ఆపేయండి. కొన్నాళ్లకి రెండోది కనపడగానే మొదటిది "చికెన్ ఏది?" అన్నట్టు మీ మొహం చూస్తుంది. అప్పుడు ఒక్క అడుగు దగ్గర చేయండి. బిగుసుకుందంటే తొందరపడ్డారు, వెనక్కి వెళ్లండి. రోజుకి కొద్ది నిమిషాలు చాలు. ఆదివారం చుట్టాలొచ్చినప్పుడు మాత్రం ఈ పని పెట్టుకోకండి.

బొమ్మ, ఎముక, సోఫా

వండిన ఎముకలు అసలు వేయకండి. బిర్యానీ బొక్కలు పుల్లల్లా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. ఎక్కువసేపు నమిలేవి విడివిడి గదుల్లోనే ఇచ్చి, తర్వాత దాచేయండి. బంతి పట్టుకుని పారిపోతే వెంటపడకండి. నాలుగు చికెన్ ముక్కలు కాస్త దూరంగా విసరండి, అది అటు వెళ్లాక బంతి తీసుకోండి, వీలైతే మళ్లీ ఇచ్చేయండి. ఇచ్చింది తిరిగి వస్తుందని తెలిస్తే వదలడం తేలికవుతుంది. కొండాపూర్ డాగ్ పార్క్‌కి వెళ్తే దానికి ఇష్టమైన బంతి ఇంట్లోనే ఉంచండి. సోఫా మీద గొడవైతే కొన్నాళ్లు రెండింటినీ ఎక్కనివ్వకండి.

కొట్లాట మొదలైపోయింది

మధ్యలో చెయ్యి పెట్టకండి, కాలర్ అసలు పట్టుకోకండి. స్టీలు పళ్లెం నేలకేసి కొట్టండి, బకెట్ నీళ్లు గుమ్మరించండి, పెద్ద కుషనో అట్టపెట్టో మధ్యలోకి తోయండి. విడిపోగానే వేర్వేరు గదుల్లో పెట్టి, బొచ్చు కింద గాయాలు వెతకండి.

మిమ్మల్ని కరిస్తే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కుక్కకి టీకా వేయించినా సరే. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో రేబిస్ టీకా వేస్తారు. కాటు లోతుగా దిగుతున్నా, ఇంట్లో పాకే వయసు పిల్లలున్నా సొంత ప్రయత్నాలు ఆపి, కొట్టకుండా నేర్పే ట్రైనర్‌ని పిలవండి. ఆ మనిషి వచ్చేదాకా రెండు కుక్కల మధ్య తలుపు వేసే ఉంచండి.