ఆగని మూర్ఛకు కీటో ఆహారం – 3వ పాఠం: నిష్పత్తి లెక్క, చాటుగా వచ్చే చక్కెర

మత్తుమందు మొదలుపెట్టి 24 గంటలు దాటినా ఆగని ఫిట్స్‌కు, మత్తు తగ్గించగానే తిరగబెట్టే ఫిట్స్‌కు కీటో ఆహారం (కొవ్వు చాలా ఎక్కువ, పిండిపదార్థం చాలా తక్కువ ఉండేది) ఎందుకు ఇస్తారో గత పాఠాల్లో చూశాం. ఎవరికి ఇవ్వకూడదో కూడా చెప్పుకున్నాం: పోర్ఫీరియా (హీమ్ తయారీలో లోపం), కొవ్వును కాల్చలేని జన్యులోపాలు, పైరువేట్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ లోపం, పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) ఉన్నవాళ్లకు, గత 24 గంటల్లో ప్రొపొఫోల్ అనే మత్తుమందు ఎక్కినవాళ్లకు వద్దు. ప్రొపొఫోల్ కొవ్వు దహనాన్ని అడ్డుకుంటుంది కాబట్టి ఆ గడువు దగ్గర బేరాలు లేవు. ఈ పాఠం ఐసీయూ డైటీషియన్లకు, నర్సులకు, జూనియర్ డాక్టర్లకు. బరువు తగ్గే కీటోకూ దీనికీ పేరు తప్ప పోలిక లేదు, ఇంట్లో చేసి చూసేది అసలే కాదు.

లెక్క

4:1 అంటే 4 గ్రాముల కొవ్వుకు ప్రోటీనూ పిండిపదార్థమూ కలిపి 1 గ్రాము. కొవ్వు నుంచి 36 కేలరీలు, ఆ ఒక్క గ్రాము నుంచి 4, మొత్తం 40. దీన్ని ఒక యూనిట్ అనుకుందాం.

20 కిలోల పాప వెంటిలేటర్ మీద ఉంది, రోజుకు 1000 కేలరీలు చాలన్నారు. 1000ని 40తో భాగిస్తే 25 యూనిట్లు. అంటే కొవ్వు 100 గ్రాములు, మిగతా రెండూ కలిపి 25. ముందు ప్రోటీన్ తేల్చండి: కిలోకు 1 గ్రాము చొప్పున 20. ఇక మిగిలింది 5 గ్రాములు, రోజంతటికీ పిండిపదార్థం అంతే. ఆ 5ను కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో రాసిపెట్టండి.

మిశ్రమం

4:1 పొడి డబ్బా దొరికితే అదే మేలు, గొట్టంలో సాఫీగా దిగుతుంది. ఖరీదు మాత్రం ఎక్కువ. దొరకకపోతే గట్టిగా ఉడికించిన గుడ్లు 3 (పెంకు తీశాక 150 గ్రాములు), 25 శాతం కొవ్వున్న క్రీమ్ 80 గ్రాములు, నూనె 65 గ్రాములు కలిపి మిక్సీ పట్టి, మెత్తగా వడకట్టాలి. గుడ్ల నుంచి కొవ్వు 15, ప్రోటీన్ 19, పిండిపదార్థం 1 వస్తాయి. క్రీమ్ నుంచి కొవ్వు 20, మిగతా రెండూ కలిపి 5కు కాస్త తక్కువ. నూనెతో కొవ్వు 100కు చేరింది. పచ్చిగుడ్డు వాడొద్దు, ఇన్ఫెక్షన్ భయం.

నూనెను తూకం వేయాలి, కొలవకూడదు. 65 గ్రాములంటే సుమారు 71 మిల్లీలీటర్లు. సిరంజితో 65 మిల్లీలీటర్లు తీసి పోస్తే 5 గ్రాముల కొవ్వు తగ్గినట్టే. ఇంకో చిక్కు: నిలవుంటే నూనె పైకి తేలుతుంది, గొట్టానికి అంటుకుంటుంది. అందుకే సన్నధారగా కాకుండా 3, 4 గంటలకోసారి బాగా కదిపి ఇచ్చి, వెనకాలే మంచినీళ్లు పంపండి. విటమిన్లు, కాల్షియం ఈ మిశ్రమంలో చాలవు. చక్కెర లేనివి విడిగా ఇవ్వాలి.

చక్కెర వచ్చే దారులు

కీటోన్లు (కొవ్వు కాలినప్పుడు శరీరంలో తయారయ్యే పదార్థాలు) పెరగలేదంటే అందరూ వంటగదిని అనుమానిస్తారు. మా మాట వింటే ముందు మందుల చార్టు చూడండి. 5 శాతం డెక్స్ట్రోజ్ సీసా ఒకటి, 500 మిల్లీలీటర్లు, అందులో 25 గ్రాముల గ్లూకోజ్. మన పాపకు అది ఎక్కితే 100కు 25 కావాల్సింది 100కు 50 అవుతుంది, 4:1 కాస్తా 2:1కు పడిపోతుంది. యాంటీబయాటిక్ కలిపే ద్రవం, సిరప్‌లు, నోరు శుభ్రం చేసే ద్రవం, అన్నీ లెక్కలోకే వస్తాయి. కొన్ని సిరప్‌లలో 5 మిల్లీలీటర్లకు 2, 3 గ్రాముల చక్కెర ఉంటుంది. ‘షుగర్ ఫ్రీ’ అని ఉన్నా సార్బిటాల్ ఉంటే అదీ పిండిపదార్థమే. వీలైనవన్నీ మాత్ర నలిపి గానీ, నార్మల్ సెలైన్‌లో కలిపి గానీ ఇవ్వమని ఫార్మసిస్టును అడగండి. నలపకూడని మాత్రలుంటాయి, ముందే కనుక్కోండి.

స్టెరాయిడ్లు మరో అడ్డంకి. వాటిలో చక్కెర లేకపోయినా రక్తంలో గ్లూకోజ్‌ను పెంచి కీటోన్లను అణిచేస్తాయి.

ఏం చూడాలి

రక్తంలో గ్లూకోజ్ మొదట్లో 4 నుంచి 6 గంటలకోసారి. 50 mg/dL దిగువకు వస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పి సరిదిద్దాలి, కీటోన్లు పోతాయని ఆగొద్దు. కీటోన్లను మూత్రం కన్నా రక్తంలో చూడటం నమ్మకం: బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్ (రక్తంలో కొలిచే ముఖ్యమైన కీటోన్) రోజూ, 2 mmol/L దాటాలి, పిల్లల్లో 4 దగ్గర ఉంటే ఇంకా మంచిది. రక్తంలో బైకార్బొనేట్ పడిపోతుంటే టోపిరమేట్, జోనిసమైడ్, ఎసెటజోలమైడ్ అనే మందులు వాడుతున్నారేమో చూడండి. అవి ఆమ్లత్వాన్ని ఎక్కువ చేస్తాయి. ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ ఉంటే కార్నిటిన్ స్థాయి, లివర్ పరీక్షలు తప్పనిసరి. థయోపెంటోన్ అనే మత్తుమందు మీద పేగు కదలిక ఆగిపోతుంది, ఆహారం కడుపులోనే ఉండిపోతుంది. పొట్ట ఉబ్బరం గమనించండి.

రెండో రోజుకే ఫిట్స్ ఆగలేదని ఆహారం మానేయడం తొందరపాటు. 2017లో వెలువడిన, 15 మంది పెద్దవాళ్లపై అమెరికాలో జరిగిన అధ్యయనంలో 11 మందికి స్టేటస్ (ఆగకుండా సాగే ఫిట్స్) ఆగింది. దానికి పట్టిన మధ్యస్థ కాలం 5 రోజులు. పోల్చి చూసే గుంపు అందులో లేదు కాబట్టి ఆ ఫలితాన్ని జాగ్రత్తగానే తీసుకోవాలి.

అభ్యాసం

12 కిలోల బాబు, నిష్పత్తి 3:1, రోజుకు 620 కేలరీలు, ప్రోటీన్ కిలోకు 1.25 గ్రాములు. కొవ్వు, ప్రోటీన్, పిండిపదార్థం ఎంతెంత? అతనికి ఒక మందును 100 మిల్లీలీటర్ల 5 శాతం డెక్స్ట్రోజ్‌లో కలిపి ఇచ్చారు. ఆహారంలో మార్పు చేయకపోతే ఆ రోజు అసలు నిష్పత్తి ఎంత? జవాబులు 4వ పాఠంలో, మత్తుమందు తగ్గించే క్రమంతో పాటు.