రెండు రంగుల రాళ్లతో హార్ట్ చేయడం ఎలా? ముందు అతుకు, తర్వాతే ఆకారం

ఏటా జనవరి ఆఖర్లో నా దగ్గరికి అవే ముక్కలు వస్తాయి. ఒక సగం నలుపు, ఒక సగం పసుపు. రెండింటినీ విడివిడిగా సగం హార్ట్‌లుగా కోసి, అరగదీసి, పాలిష్ కూడా పెట్టి, చివర్లో గమ్‌తో అతికించి ఉంటారు. పైన వంపులు రెండూ ఒక ఎత్తులో ఉండవు. కింద మొన దగ్గర ఒక సగం రెండు మిల్లీమీటర్లు కిందికి జారి ఉంటుంది. మధ్యలో గమ్ గీత తెల్ల దారంలా కనిపిస్తుంది. "కాస్త సరిచేసి ఇవ్వండి" అని అడుగుతారు. సరిచేయాలంటే రాయి ఇంకా అరగదీయాలి, అరగదీయడానికి అందులో రాయి మిగిలి ఉండదు. పెళ్లిరోజుకో, ఇష్టమైన మనిషికో ఇద్దామని అంత ఓపికగా చేసిన వస్తువు అలా అయిపోతే నాకు నిజంగా బాధ వేస్తుంది.

వాళ్ల పనితనం బాగానే ఉంటుంది. వరస తప్పుతోంది. ముందు రెండు మామూలు పలకల్ని అతకాలి. అతుకు గట్టిపడి ఒక్క బిళ్ల అయ్యాక, అందులోంచి హార్ట్ కోయాలి.

ఈ తప్పు పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. తాజ్‌మహల్ గోడల మీద పువ్వులు చేసినట్టు, ఆగ్రాలో ఇప్పటికీ చేస్తున్న పచ్చీకారీ పనిలో రంగురాళ్లను ముందే ఆకులుగా, రేకులుగా కోసుకుంటారు. అది చూసి ఇక్కడా అలాగే చేయాలనుకుంటారు. కానీ అక్కడ పాలరాయిలో గుంట తొలిచి, ఆ గుంటలో ముక్కను కూర్చోబెడతారు. నాలుగు వైపులా పాలరాయి పట్టుకుని ఉంటుంది కాబట్టి ముక్క జరగదు. మన హార్ట్‌కు చుట్టూ ఏ ఆధారమూ లేదు, ఉన్నదల్లా ఒక్క అతుకే. రెండు పనులకూ ఒకే పద్ధతి పనికిరాదు.

రాళ్లు ఏవి తీసుకోవాలి?

నేను తాండూరు పసుపు బండ, కడప నల్ల బండ వాడతాను. రెండూ సున్నపురాయి జాతే, అంటే మనం నాపరాళ్లు అని పిలిచేవే. కాఠిన్యం దగ్గరదగ్గరగా ఉంటుంది, అసలు సంగతి అదే. పాలరాయి పక్కన గ్రానైట్ అతికించి చూడండి. 1 నుంచి 10 వరకు లెక్కపెట్టే మోస్ కొలతలో పాలరాయి కాఠిన్యం 3 దగ్గర ఉంటుంది, గ్రానైట్‌ది 6 నుంచి 7 వరకు. ఒకే గరుకు కాగితంతో రుద్దితే మెత్తది త్వరగా అరిగిపోయి, గట్టిది మెట్టులా నిలబడిపోతుంది. వేలితో తడిమితే అతుకు దగ్గర గడప తగిలినట్టు తగులుతుంది. ఎంత రుద్దినా ఆ మెట్టు పోదు, పెరుగుతుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మెరుపు చూసి మనసు పారేసుకుంటే రెండో సగం కూడా గ్రానైట్‌లోనే వెతుక్కోండి. మార్కాపురం పలక రాయి మాత్రం ఈ పనికి వద్దు. అది పొరలు పొరలుగా విడిపోయే రాయి, బడి పలకలు చేయడానికి అదే దాని గొప్పతనం. మొన దగ్గర ఆకురాయి (అరగదీసే ఇనుప పనిముట్టు) పెట్టగానే పొర లేచి వస్తుంది.

బండలు అమ్మే చోట విరిగిన ముక్కలు ఊరికే ఇస్తారు. తీసుకునే ముందు వేలి కణుపుతో కొట్టండి, ఖంగుమనాలి. తర్వాత తడిపి ఆరనివ్వండి. రాయంతా ఆరినా ఎక్కడైనా సన్నటి తడి గీత మిగిలితే అక్కడ పగులు ఉన్నట్టే, ఆ ముక్క వదిలేయండి.

కావలసినవి

మందపాటి అద్దం పలక ఒకటి (కనీసం అడుగు పొడవు, 8 లేదా 10 మిల్లీమీటర్ల మందం), 120 నుంచి 1200 నంబర్ వరకు వాటర్ పేపర్లు (తడిపి రుద్దే గరుకు కాగితాలు, నంబర్ పెరిగిన కొద్దీ గరుకు తగ్గుతుంది), పాతబడిన బల్లపరుపు ఆకురాయి ఒకటి, ముక్కోణపు ఆకురాయి ఒకటి, రెండు గొట్టాల్లో వచ్చే నిదానంగా గట్టిపడే అరల్డైట్ గమ్, ప్యాకింగ్ టేపు, స్పిరిట్, మాస్కు. ఆకురాయి కొత్తది కొనకండి, రాయి మీద దాని పళ్లు త్వరగా పోతాయి.

కోత పని బండల షాపులోనే చేయించుకోండి. అక్కడి మెషిన్‌కు నీళ్లు పడుతూ ఉంటాయి, దుమ్ము లేవదు. ఇంట్లో చేతి గ్రైండర్‌కు నీళ్లు పోస్తూ కోయడం కరెంటుతో చెలగాటం, పొడిగా కోస్తే ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకే. ఒక్కో రంగులో 4 సెంటీమీటర్ల వెడల్పు, ఏడున్నర సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న ముక్క చాలు.

అతుకు ముఖం తయారుచేయడం

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా. మిగతా అన్నిటికీ కలిపి పట్టేంత సమయం నేను దీని మీదే పెడతాను.

షాపులో కోసిన అంచు చూడ్డానికి నేరుగానే ఉంటుంది. కానీ బ్లేడు గీతలుంటాయి, నిలువుగా కాస్త వాలు కూడా ఉంటుంది. ఆ రెండు అంచుల్నీ అలాగే ఒకదానికొకటి ఆనించి గమ్ పెడితే పైన కలిసినా కింద నోరు తెరుచుకుంటుంది. దాన్ని గమ్‌తో పూడ్చేయొచ్చు అనుకుంటారు. గమ్ రాళ్లను పట్టి ఉంచడానికే, సందు పూడ్చడానికి కాదు.

చాలామంది ఒక్కో ముక్కను విడిగా రుద్దుతారు. అలా చేయకండి. రెండు ముక్కల్నీ పైకి కనిపించాల్సిన ముఖాలు లోపలికి వచ్చేలా, ముఖానికి ముఖం ఆనించి, పుస్తకం మూసినట్టు కలపండి. అతకాల్సిన అంచులు రెండూ కిందివైపు ఒకే మట్టంలో ఉండాలి. టేపుతో గట్టిగా చుట్టండి. ఇప్పుడు రెండు అంచుల్నీ కలిపి ఒకేసారి రుద్దండి.

దీనివల్ల మూడు లాభాలున్నాయి. చేయి ఎంత వాలినా, ఒక అంచు ఎంత వాలుతుందో రెండోది దానికి సరిగ్గా ఎదురుగా అంతే వాలుతుంది. పుస్తకం తెరిచినట్టు తెరిచి ఆనిస్తే రెండు వాలులూ ఒకదాన్నొకటి సరిపెట్టుకుని పైముఖం చదునుగా వస్తుంది, మూలమట్టం పెట్టి చూసుకునే పని కూడా ఉండదు. రెండోది, 2 సెంటీమీటర్ల అంచు బదులు 4 సెంటీమీటర్ల అడుగు ఆనుతుంది కాబట్టి ముక్క ఊగదు. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. రేపు కంటికి కనిపించే ఆ రెండు అంచులూ ఇప్పుడు మధ్యలో, ఒకదానికొకటి ఆసరాగా ఉన్నాయి. అవి గుండ్రబడవు, పెచ్చు లేవదు. అతుకు వెంట్రుకవాసిలో కలిసిందంటే కారణం ఇదే.

బల్ల మీద తడి న్యూస్‌పేపర్, దాని మీద అద్దం, అద్దం మీద నీళ్లు చల్లి 120 నంబర్ వాటర్ పేపర్ పరవండి. తడికే అది అద్దానికి అతుక్కుంటుంది. రాతి అంచు మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీయండి. వేళ్లతో రాయిని పైన కాకుండా వీలైనంత కింద, కాగితానికి దగ్గరగా పట్టుకోండి. పైన పట్టుకుంటే తోసిన ప్రతిసారీ ముందు అంచు మీద బరువు పడి ముఖం బోర్లించిన మూకుడులా తయారవుతుంది. చిన్న చిన్న ఎనిమిది అంకెలు దిద్దినట్టు, కాగితం అంచులదాకా పోకుండా తిప్పండి. ఇరవై సార్లు తిప్పి, రాయిని ఆ చివర ఈ చివరకు మార్చి మళ్లీ ఇరవై. పెన్సిల్ గీతలన్నీ ఒకేలా పోవాలి. చివర్లలో పోయి మధ్యలో మిగిలితే ఇంకా పని ఉందని, మధ్యలో పోయి చివర్లలో మిగిలితే పొట్ట లేచిందని అర్థం.

వాలు తనంతట తనే సర్దుకుంటుందని చెప్పాను. పొట్ట సర్దుకోదు. ఇటొక పొట్ట, అటొక పొట్ట కలిస్తే రెండు చివర్లా సందు రెట్టింపవుతుంది. అందుకే టేపు విప్పి, ఒకదాన్ని ఇంకోదాని మీద నిలబెట్టి మెల్లగా పక్కకు తిప్పి చూడండి. మధ్యలో మేకు కొట్టినట్టు గిర్రున తిరిగితే పొట్ట ఉంది. చివర్ల దగ్గర పట్టి బిగువుగా కదిలితే బాగున్నట్టు. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అంచులు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మొదట్లో సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. రుద్దిన కొద్దీ అది అక్కడక్కడా తెగి, చుక్కలై, ఒక్కో చుక్కా ఆరిపోతుంది. చివరి చుక్క ఆరిపోయేదాకా గమ్ మూత తీయకండి. పొట్ట పోవాలంటే కొత్త కాగితం, తక్కువ ఒత్తిడి, ఇంకా చిన్న చుట్లు, అంతే.

220 నంబర్‌తో ఆపేయాలి. అతుకు ముఖాన్ని అద్దంలా నున్నగా చేస్తే గమ్‌కు పట్టు దొరకదు.

అతికించడం

పాత టూత్ బ్రష్‌తో కడిగి, ఒక రోజంతా ఎండలో పెట్టండి. నాపరాయి తడి పీల్చుకుంటుంది, పైకి ఆరినట్టున్నా లోపల ఉంటుంది. అతికించే ముందు స్పిరిట్‌తో తుడిచి, ఇక వేలు తగలనివ్వకండి.

అరల్డైట్ రెండు గొట్టాల్లోంచీ సమానంగా తీసి మూడు నిమిషాలు కలపండి. అందులో చిటికెడు నల్లరాతి పొడి కలుపుతాను, అతుకు గీత నలుపులో కలిసిపోతుంది. పసుపు పొడి కలిపితే గీత పసుపులో కలవదు, నలుపు పక్కన ఇంకా తేటగా కనిపిస్తుంది. రెండు ముఖాలకూ పల్చగా పూసి, ప్లాస్టిక్ కవర్ పరిచిన అద్దం మీద రాళ్ల పైముఖాలు కిందికి వచ్చేలా బోర్లించి కలపండి. మందంలో తేడా ఏదైనా ఉంటే అది వెనకవైపుకు పోతుంది. టేపుతో లాగి బిగించండి, గమ్ సన్నటి పూసల్లా బయటికి వస్తే చాలు. క్లాంప్ పెట్టి మరీ బిగిస్తే గమ్ అంతా బయటికి వచ్చేసి రాయి పొడిగా మిగులుతుంది.

ఐదు నిమిషాల్లో గట్టిపడే గమ్ వాడకండి. మా చెల్లి పెళ్లిరోజుకు చేసిన హార్ట్‌కు తొందరలో అదే వాడాను. మే నెలలో వాళ్ల కారు డ్యాష్‌బోర్డు మీద రెండు వారాలుంది. వేడికి గమ్ మెత్తబడి రెండు సగాలూ విడిపోయాయి. "అన్నయ్యా, ఇది రెండు ముక్కలైంది" అని అది ఫోన్ చేసినప్పుడు దాని గొంతు ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి నిదానంగా పట్టే గమ్, 24 గంటలు కదపకపోవడం, కోతకు ముందు ఇంకో రోజు ఆగడం. ఇందులో మార్పు లేదు.

హార్ట్ గీయడం, కోయడం

కాగితం మీద 4 సెంటీమీటర్ల చదరం గీసి దాన్ని మూల మీద నిలబెట్టండి. పై రెండు భుజాల మధ్య బిందువుల్లో కంపాస్ గుచ్చి, 2 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో రెండు అర్ధవృత్తాలు గీయండి. హార్ట్ వచ్చేసింది. వెడల్పు 6.8, ఎత్తు 6.2 సెంటీమీటర్లు వస్తుంది. ఇంటర్నెట్‌లోంచి ప్రింట్ తీసే బొమ్మల కంటే ఇదే నయం, ఎందుకంటే పై నొక్కు, కింది మొన రెండూ సరిగ్గా నడిమి గీత మీద ఉంటాయి. కాగితాన్ని నిలువుగా మడిచి, ఆ మడతను అతుకు మీద పెట్టి గీసుకోండి.

కింది భాగం రెండు నేరు కోతలే కాబట్టి గీతకు 2 మిల్లీమీటర్లు బయటగా షాపులో కోయించండి. పై వంపులు ఆకురాయితో తీయండి, ఒక సాయంత్రం పని. నొక్కు దగ్గర ముక్కోణపు ఆకురాయిని ముందు నుంచి సగం మందం వరకు, తర్వాత వెనక నుంచి మిగతా సగం పట్టండి. ఒకే వైపు నుంచి తోసేస్తే అవతల అంచు పెచ్చు ఊడుతుంది, అది సరిగ్గా అతుకు మీదే ఊడుతుంది. కింది మొనను సూదిలా చేయకండి, ఒక మిల్లీమీటరు గుండ్రంగా వదలండి.

పాలిష్

120, 220, 400, 600, 800, 1200. ప్రతిసారీ తడిపి, అతుకు పొడవునే రుద్దండి. అడ్డంగా రుద్దితే నల్లరాతి బురద పసుపు రాతి రంధ్రాల్లోకి చేరి బూడిద రంగు పట్టేస్తుంది. నిమిషానికోసారి కడగండి, నంబర్ మారినప్పుడు నీళ్లు కూడా మార్చండి. ఆరాక మైనం పాలిష్ పల్చగా రాసి నూలు బట్టతో తుడవండి.

ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పి ఇవ్వండి: బాత్రూం యాసిడ్, చింతపండు, నిమ్మకాయ దీనికి తగలకూడదు. సున్నపురాయిని పులుపు తినేస్తుంది. నల్ల సగం మీద ఒక్క నిమ్మరసం చుక్క పడి కాసేపు ఉన్నా తెల్ల మచ్చ పడుతుంది. అది తుడిస్తే పోదు, మళ్లీ 400 నంబర్ నుంచి మొదలుపెట్టాల్సిందే.