ఎస్పిరితు పంప తవ్వకాలకు వెళ్లేముందు

పెరూలో కుస్కో కొండలు దిగి అడవిలోకి వెళ్తే, ఒకప్పటి ‘ఇంకా’ అనే జాతి రాజ్యానికీ అడవి తెగలకూ మధ్య రాకపోకలు సాగిన చోటు ఎస్పిరితు పంప. అక్కడ ఫీల్డ్ వర్క్‌కి వెళ్లాలనుకునే మన విద్యార్థుల కోసం ఇది.

డిసెంబరు నుంచి మార్చి దాకా వద్దు. వానలకు కొండచరియలు విరిగిపడి రోడ్లు మూసుకుపోతాయి. మే, సెప్టెంబరు మధ్య పెట్టుకోండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో కనుక్కోండి. ఆ కార్డు పోగొట్టుకోవద్దు, అది లేకుండా పెరూ నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచొచ్చు. కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తు, మొదటి రెండు రోజులు మెల్లగా నడవండి.

పాములంటే అందరికీ టెన్షనే, బూట్లు, టార్చి ఎలాగూ తీసుకెళ్తారు. నాకైతే ఇసుక ఈగ ఎక్కువ భయం. దోమకన్నా చిన్నది, కుట్టిన చోట వారాల తరబడి మానని పుండు పడొచ్చు. మన దేశంలో ఇసుక ఈగ వల్లే వచ్చే కాలా అజార్ జ్వరానికి ఇది దగ్గరి జబ్బే. చేతులు, కాళ్లు కప్పుకోండి. ఇంటికొచ్చాక పుండు కనిపిస్తే, పెరూ అడవిలో తిరిగానని డాక్టర్‌కి చెప్పండి.

దిగువ ఉరుబంబా నది వైపు బయటివాళ్లకు దూరంగా బతికే తెగలున్నాయి. వాళ్ల కోసం కేటాయించిన ప్రాంతాల్లోకి అడుగు పెట్టొద్దు. మన మామూలు జలుబు వాళ్లకు ప్రాణాంతకం కావొచ్చు.

తవ్వకం మొదలయ్యాక ఇంకో రకం జాగ్రత్త కావాలి. ఇంకాల శైలి కుండ పెంకు దొరగ్గానే ‘ఇక్కడ ఇంకాలు ఏలారు’ అని నోట్‌బుక్‌లో రాసేయకండి. కొండల మీద నుంచి లోహపు గొడ్డళ్లు దిగేవి, అడవి నుంచి ఈకలు, కోకా ఆకు, గట్టి తాటి కలప పైకి వెళ్లేవి. పెంకు కూడా అలా చేతులు మారి వచ్చి ఉండొచ్చు. దొరికిందల్లా ఇంకాలదీ కాదు: ఇక్కడే వాళ్లకన్నా కొన్ని వందల ఏళ్ల ముందటి ‘వారీ’ (Wari) అనే సంస్కృతికి చెందిన ప్రభువు సమాధి బయటపడినట్టు 2011లో ప్రకటించారు. బలమంతా కొండమీది వాళ్లదే అనీ అనుకోవద్దు. బొలీవియా వైపు ఇంకాల సరిహద్దు కోటలపై చిరిగువానోలనే పల్లపు ప్రాంత తెగవాళ్లు దాడులు చేశారు. ఇక్కడ 1572లో స్పెయిన్ సేన తరిమితే, చివరి ఇంకా రాజు తుపాక్ అమారు అడవిలోని మనారీ తెగ దగ్గరకు పారిపోయాడు.

పెరూ సంస్కృతి మంత్రిత్వ శాఖ అనుమతి లేకుండా పార పట్టొద్దు. దారిలో కనిపించిన పెంకు జేబులో వేసుకోవడం కూడా నేరమే. ఎక్కడుందో ఫోటో తీసి, జీపీఎస్ రాసి, అక్కడే వదిలేసి మీ బృంద నాయకుడికి చెప్పండి.