టెండర్ పిలిచే ముందు జాగ్రత్తలు

బెంగళూరు యూనివర్సిటీల్లో కొత్తగా పర్చేజ్ కమిటీలోకి వచ్చిన మన తెలుగు అధ్యాపకులు, ల్యాబ్‌కు యంత్రాలు కొనేటప్పుడు ఇవి ముందే చూసుకోవాలి.

ముందుగా, మీకు వర్తించే నిబంధనలేవో తేల్చుకోండి. రాష్ట్ర విశ్వవిద్యాలయమైతే 1999 నాటి కర్ణాటక ప్రభుత్వ కొనుగోళ్ల పారదర్శకత చట్టం. కేంద్ర సంస్థయితే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు). పక్క సంస్థ ఫైలు చూసి నకలు దించొద్దు.

అసలు ప్రమాదం స్పెసిఫికేషన్లలో, అంటే యంత్రం ఎలా ఉండాలో మీరు రాసే వివరాల్లో ఉంటుంది. ఒక కంపెనీ బ్రోషర్‌లోని కొలతలు ఉన్నవున్నట్టు ఎక్కిస్తే మిగతావాళ్లకు దారి మూసినట్టే. ఫిర్యాదొస్తే, ఆడిట్ అడిగితే, సంతకం చేసిన మీరే జవాబు చెప్పాలి. మీ ప్రయోగానికి ఏం కావాలో అది రాయండి. ఆ అవసరాన్ని ఒకరి కంటే ఎక్కువ మంది తయారీదారులు తీర్చగలరో లేదో విచారించండి. యంత్రం చవగ్గా ఇచ్చి, తర్వాత కెమికల్స్ దగ్గరా సర్వీసు దగ్గరా పిండేవాళ్లున్నారు. అందుకే ఆ ధరలు కూడా బిడ్‌లోనే అడగండి, పోల్చేటప్పుడు కలిపి లెక్కేస్తామని టెండర్‌లోనే చెప్పండి.

టెండర్ తప్పించుకోవడానికి కొనుగోలును ముక్కలు చేయకండి.

కమిటీలో ఎవరికైనా బిడ్డర్‌తో బంధుత్వం ఉంటే తప్పుకోవాలి. మొహమాటం వద్దు.

సరఫరాదారు మాట తప్పితే డబ్బు తాను చెల్లిస్తానని బ్యాంకు రాసిచ్చే బ్యాంకు గ్యారంటీని, ఇచ్చిన బ్రాంచికే నేరుగా రాసి ధ్రువీకరించుకోండి. దాని గడువు వారంటీ పూర్తయ్యాక కూడా కొంతకాలం ఉండాలి.

యంత్రం పెట్టే గది మాటేమిటి? కరెంటు లోడు, ఏసీ, లిఫ్టు, తలుపు వెడల్పు చూశారా? వారంటీ డెలివరీ నుంచి కాక, ఇన్‌స్టలేషన్ నుంచి మొదలయ్యేలా రాయించండి. మార్చి 31 తరుముకొస్తోందని సరుకు పరీక్షించకుండా బిల్లు పాస్ చేయకండి.