వేసవిలో క్వేకర్ శిబిరాలకు పిల్లలను పంపేముందు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జూన్ నడిమికల్లా బళ్లకు సెలవులు వచ్చేస్తాయి. అప్పటినుంచి ఆగస్టు దాకా క్వేకర్లకు, అంటే ఫ్రెండ్స్ అని కూడా పిలిచే, క్రైస్తవంలోంచి పుట్టిన సమాజంవారికి, ఊపిరి సలపదు. పిల్లల శిబిరాలు, జూన్ చివరా జూలై మొదట్లో జరిగే ఫ్రెండ్స్ జనరల్ కాన్ఫరెన్స్ అనే వారి సంస్థ సమ్మేళనం, ప్రాంతాలవారీగా ఇయర్లీ మీటింగులు అనే పెద్ద సంఘాల వార్షిక సభలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఫ్రెండ్స్ స్కూళ్లలో చదివే తెలుగు పిల్లలు కూడా తోటివాళ్లతో కలిసి వీటికి వెళ్తుంటారు. నేను ఒక మీటింగులో (ఒక చోట కలిసి ఆరాధించే క్వేకర్ల సంఘాన్ని అలా అంటారు) ఆదివారం పిల్లల తరగతికి సాయపడుతుంటాను. పేరు నమోదు చేయించి డబ్బు కట్టకముందే తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవలసిన సంగతులు కొన్ని చెబుతాను.

ముందు ఈ సమాజం తీరు తెలియాలి. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధలతో మొదలైంది. పెన్సిల్వేనియాను స్థాపించిన విలియం పెన్ ఈ సమాజంవాడే. ప్రతి మనిషిలోనూ దైవకాంతి ఉంటుందని వీరి నమ్మకం. ఫిలడెల్ఫియా ప్రాంతపు మీటింగుల్లో చాలావాటికి పాస్టర్ ఉండడు. గంటసేపు అందరూ మౌనంగా కూర్చుంటారు, మాట్లాడాలనిపించినవారు లేచి మాట్లాడతారు. నిర్ణయాలకు ఓట్లు వేయరు. పిల్లలు కొద్దిసేపు పెద్దలతో కూర్చుని తర్వాత తమ గదికి వెళ్లిపోతారు.

ఈ పద్ధతి మీద నాకు ఎంతో గౌరవం ఉంది. పిల్లల విషయంలో దీనికి ఉన్న బలహీనత కూడా అక్కడే ఉంది. పాస్టర్ లేడు కాబట్టి ఫలానావారిదే బాధ్యత అని వేలెత్తి చూపించడం కష్టం. మీటింగు వ్యవహారాల సభలను నడిపే క్లర్క్ కొన్నేళ్లు ఉండి మారిపోతారు. పిల్లల గదిలో ఉండే పెద్దలంతా జీతం లేకుండా సేవ చేసేవాళ్లు, ఒక్కోసారి ఆ పూట చేయి ఎత్తినవాళ్లే. అందరిలో దేవుణ్ణి చూసేచోట ఒకరిని తనిఖీ పత్రం అడగాలంటే మొహమాటం అడ్డొస్తుంది. ఇంగ్లండు, వేల్సుల్లో పిల్లలపై లైంగిక దాడుల మీద విచారణ జరిపిన స్వతంత్ర సంఘం 2021 సెప్టెంబరులో పలు మత సంస్థల గురించి ప్రత్యేక నివేదిక ఇచ్చింది. బయటి అధికారుల మీద అపనమ్మకం, పరువు పోతుందన్న భయం, క్షమించమంటూ బాధితుల మీద తెచ్చే ఒత్తిడి ఫిర్యాదులకు ఎలా అడ్డుపడతాయో అందులో ఉంది. క్షమకు ఇంత పెద్దపీట వేసే సమాజంలో పని చేస్తున్నాను కాబట్టి చివరి మాట నన్ను బాగా కలవరపెట్టింది.

అందుకే మొదట అడగవలసింది పిల్లల రక్షణ నియమాలు కాగితం మీద ఉన్నాయా అని. ఉంటే ఒక ప్రతి ఇవ్వమనండి. ఫిర్యాదు తీసుకునేవారి పేర్లు అందులో ఉండాలి. కనీసం ఇద్దరు ఉండాలి, వాళ్లిద్దరూ ఒకే కుటుంబంవాళ్లు కాకూడదు. "మా దగ్గర అలాంటివి ఎప్పుడూ జరగలేదండీ" అన్నది జవాబు కాదు. ఎప్పుడూ అడగనిచోట జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

తర్వాత తనిఖీలు. 2011లో ఈ రాష్ట్రపు విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ మాజీ సహాయ కోచ్ ఒకరు పిల్లలపై అత్యాచారాల కేసులో అరెస్టయ్యాక పెన్సిల్వేనియా తన చట్టాలను బాగా బిగించింది. పిల్లలతో పనిచేసే శిబిరం ఉద్యోగులకు మూడు పత్రాలు కావాలి: రాష్ట్ర పోలీసుల నేర చరిత్ర పత్రం, పిల్లలపై దాడుల చరిత్ర పత్రం, వేలిముద్రలతో ఎఫ్‌బీఐ పత్రం. పిల్లల బాధ్యత తీసుకునే వాలంటీర్లకూ ఇవి వర్తిస్తాయి. పదేళ్లుగా రాష్ట్రంలోనే ఉంటున్న వాలంటీర్లకు మాత్రం ఎఫ్‌బీఐ పత్రం బదులు రాతపూర్వక హామీ చాలు. అరవై నెలలకోసారి అన్నీ మళ్లీ తీసుకోవాలి. కొత్తగా ఈ రాష్ట్రానికి వచ్చిన తెలుగువారు వాలంటీరుగా చేరాలనుకుంటే వేలిముద్రలు ఇవ్వాల్సి ఉంటుంది. దాన్ని అవమానంగా తీసుకోకండి, ముప్పై ఏళ్లుగా మీటింగుకు వస్తున్న పెద్దాయనకూ తనిఖీ తప్పదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ పత్రాలు ఇంతకుముందు దొరికిపోయినవారినే పట్టిస్తాయి. ఎన్నడూ దొరకనివారి సంగతి అవి చెప్పలేవు.

అందుకే గదిలో పాటించే నియమం కాగితం కన్నా ముఖ్యం. పిల్లల దగ్గర ఎప్పుడూ ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరు పెద్దలు ఉండాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక్కరి కిందే లెక్క. వినడానికి తేలికే కానీ, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు రెండో మనిషి జ్వరమని ఫోన్ చేసినప్పుడు దీని బరువు తెలుస్తుంది. ఎదురుగా ఆరుగురు పిల్లలు, బల్ల మీద రంగు కాగితాలు, అవతలి హాల్లో మౌనం అప్పుడే మొదలైంది. ఒక్కరే నడిపించేద్దామనిపిస్తుంది. నడపకూడదు. తలుపు బార్లా తెరిచి, హాల్లోకి వెళ్లి ఒకరి భుజం తట్టి పిలవాలి. తనిఖీ అయినవారు ఎవరూ దొరకకపోతే రెండు తరగతులను కలిపేయాలి. అదీ కుదరకపోతే పిల్లలను తీసుకెళ్లి పెద్దల పక్కనే కూర్చోబెట్టాలి. వాళ్లు కాళ్లు ఊపుతారు, గుసగుసలాడతారు, మౌనం చెదురుతుంది. చెదరనివ్వండి.

గది తలుపుకు అద్దం ఉండాలి, దానికి బొమ్మలు అతికించి మూసేయకూడదు. చిన్నపిల్లలు మరుగుదొడ్డికి వెళ్లినప్పుడు తీసుకెళ్లిన పెద్దవారు బయట వరండాలో ఇతరులకు కనిపించేలా నిలబడాలి. వార్షిక సభల్లో తల్లిదండ్రులు గంటల తరబడి చర్చల్లో ఉంటారు కాబట్టి బిడ్డను ఎవరు దించారో, ఎవరు తీసుకెళ్లవచ్చో సంతకాలతో రాసిపెట్టుకోవాలి. ముఖం తెలిసినంత మాత్రాన ఎవరికీ బిడ్డను అప్పగించకూడదు.

రాత్రి బసకు అడగవలసినవి వేరు. పిల్లలు ఎవరితో కలిసి పడుకుంటారు, పెద్దలు ఎక్కడ ఉంటారు, రాత్రి చుట్టూ తిరిగి చూసేది ఎవరు? పెద్దవారెవరూ పిల్లల పడకను పంచుకోకూడదు, ఒంటరిగా ఒక బిడ్డతో గదిలో ఉండకూడదు. శిబిరం సహాయకుల్లో పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల వాళ్లు ఎక్కువ. నిరుడు వాళ్లే శిబిరానికి వచ్చిన పిల్లలు, ఈ ఏడు బాధ్యత గల పెద్దలు. పదహారేళ్ల పాత స్నేహితురాలితో ఇప్పుడు ఎంత దూరం పాటించాలో శిక్షణలో నేర్పారా అని అడగండి. శిబిరం ముగిశాక సహాయకులు పిల్లలకు విడిగా ఫోను సందేశాలు పంపకూడదన్న నియమం కూడా ఉండాలి.

కౌమారంలో ఉన్న పిల్లలు గుండ్రంగా కూర్చుని మనసులో మాట పంచుకునే బృందాలు క్వేకర్ కార్యక్రమాల్లో మామూలే. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది అని మొదట్లోనే మాట ఇస్తారు. ఆ మాట వల్లే చాలామంది పిల్లలు మొదటిసారి నోరు విప్పుతారు, ఆ మేలు నేను కళ్లారా చూశాను. కానీ ఆ మాటకు హద్దు ఉందని అదే నోటితో చెప్పాలి: "నీకు ఎవరైనా హాని చేస్తున్నారన్నా, నీకు నువ్వే హాని చేసుకోవాలని ఉందన్నా నేను గుట్టుగా ఉంచలేను. సాయం చేయగలవారికి చెప్తాను." చివర్లో చెబితే బిడ్డకు అది నమ్మకద్రోహమే. మొదట్లో చెబితే ఎంతవరకు చెప్పాలో బిడ్డే తేల్చుకుంటుంది.

ఇంట్లో మన పని మనకుంది. పెద్దలు చెప్పినట్టు వినాలి, దగ్గరికి పిలిస్తే వెళ్లాలి, ఎదురు మాట్లాడకూడదు అని మన పిల్లలకు చిన్నప్పటినుంచీ నేర్పుతాం. క్వేకర్లు పెద్దలనూ పేరుతోనే పిలుస్తారు, బిరుదులు వాడరు, ఆప్యాయంగా హత్తుకునేవారూ ఉంటారు. ఈ రెండూ కలిసినచోట పిల్లలకు వద్దు అనే హక్కు ఉందని ఎవరూ చెప్పకపోవచ్చు. మీరే చెప్పండి. హత్తుకోవడం ఇష్టం లేకపోతే వద్దు అనవచ్చు, తాతగారికైనా అనవచ్చు. మౌనంగా కూర్చోవడం వేరు, అమ్మకు చెప్పకు అని ఎవరైనా చెప్పిన రహస్యం వేరు, రెండోది ఇంటికి రాగానే చెప్పేయాలి.

ఇక ఎండ, నీళ్లు, అలర్జీల సంగతి ఏ శిబిరానికైనా ఒకటే. ఈ ప్రాంతంలో అడవి పక్క గడ్డిలో తిరిగితే లైమ్ వ్యాధి తెచ్చే టిక్ అనే చిన్న పురుగు కరవవచ్చు, కాబట్టి సాయంత్రం స్నానాలప్పుడు మోకాళ్ల వెనక, చెవుల వెనక, తల్లో చూసుకోమని పిల్లలకు నేర్పి పంపండి.

బిడ్డ ఏదైనా చెప్తే ఆపకుండా వినండి. ఎందుకు ముందే చెప్పలేదని అడగకండి, గుచ్చిగుచ్చి ప్రశ్నించకండి. బిడ్డ మాటల్లోనే రాసిపెట్టుకుని పిల్లలపై దాడుల ఫిర్యాదులు తీసుకునే పెన్సిల్వేనియా చైల్డ్‌లైన్ 1-800-932-0313కు ఫోన్ చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు. ప్రాణాపాయమైతే 911. తల్లిదండ్రులు పేరు చెప్పకుండానూ చేయవచ్చు. పిల్లల కార్యక్రమం బాధ్యత చూసే వాలంటీర్లకు మాత్రం ఇది చట్టం పెట్టిన విధి. వెంటనే తామే ఫోన్ చేయాలి, నలభై ఎనిమిది గంటల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. క్లర్కుకు చెప్పేశాను కదా అంటే చెల్లదు. క్వేకర్లకు ఏ చిక్కు వచ్చినా ఒక చిన్న కమిటీ కూర్చుని మౌనంలో దారి వెతకడం అలవాటు. పెళ్లి నిర్ణయానికో ఉద్యోగం మార్పుకో అది గొప్ప పద్ధతి. పిల్లల మీద దాడి విషయంలో కమిటీ కూర్చునేలోగా ఫోన్ వెళ్లిపోవాలి. నిజమో కాదో తేల్చేది అధికారులు, మనం కాదు.

పాత నేరచరిత్ర ఉన్న వ్యక్తి ఆరాధనకు వస్తానంటే చాలా మీటింగులు తలుపు మూయవు. అప్పుడు రాతపూర్వక ఒప్పందం ఉండాలి: ఏ తలుపులో వస్తారు, పక్కన ఎవరు కూర్చుంటారు, పిల్లలుండే వైపు వెళ్లకూడదు, రాత్రి బసలకు రాకూడదు, ఒప్పందం తప్పితే ఏమవుతుంది. ఆ వ్యక్తి చేతిలో గాయపడినవారు అదే మీటింగులో ఉంటే, వేరే చోటు చూసుకోవలసింది ఆ వ్యక్తే.

కొత్త వాలంటీర్ల శిక్షణకు వెళ్తే ఇంకొకటి తప్పక అడగండి. ఫిర్యాదు చేసిన కుటుంబం తరచూ ఒంటరవుతుంది. పదిమందీ ఆరోపణ ఎదుర్కొన్నవారిని ఓదార్చడానికి వెళ్తారు, వీళ్ల ఇంటి ఫోను మోగదు, మెల్లగా ఆదివారాలు రావడం మానేస్తారు. విచారణ సాగినంతకాలం ఆ కుటుంబానికి వారం వారం ఫోన్ చేసేది ఎవరో, వంట చేసి తీసుకెళ్లేది ఎవరో, మిగతా పిల్లలను బడి నుంచి తెచ్చేది ఎవరో పేర్లతో సహా నియమాల కాగితంలోనే రాయించండి.