ఇల్లు చూసే ముందు గాలి చూడండి

సముద్రం ఒడ్డున ఉన్న నగరానికి ఫోన్‌లో కనిపించే ఉష్ణోగ్రత ఒక్కటే. కానీ ఆ నగరంలో మనుషులు అనుభవించే ఎండ ఒక్కటి కాదు. తీరం పక్కనుంచి 16 కిలోమీటర్లు లోపలికి ఇల్లు మారాక నాకిది తెలిసొచ్చింది. పాత ఇంట్లో పదకొండున్నరకల్లా కర్టెన్లు ఊగేవి. కొత్త ఇంట్లో నాలుగు దాటినా ఆకు కదిలేది కాదు. ఆయాసం ఉన్న మా అమ్మ ఆ మధ్యాహ్నాలు ఎంత కష్టంగా గడిపిందో చూశాను. అందుకే ఎవరు ఇల్లు వెతుకుతున్నా ముందు గాలి సంగతి తేల్చుకోమంటాను.

ఎండకు నేల త్వరగా కాగుతుంది, సముద్రం నిదానంగా వేడెక్కుతుంది. నేలమీది వేడిగాలి పైకి లేస్తుంటే సముద్రం మీది చల్లగాలి లోపలికి వస్తుంది. అది ఊరంతా ఒకేసారి రాదు, తీరం నుంచి మెల్లగా జరుగుతూ వస్తుంది. లోపలి కాలనీలకు చేరేసరికి అక్కడ ఎండ మండిపోయి ఉంటుంది. మధ్యలో గుట్ట ఉంటే ఇంకా ఆలస్యం. నేల వైపునుంచి గాలి బలంగా వీచే రోజున అసలు చేరకపోవచ్చు. సిడ్నీకి పడమటి శివారైన పెన్రిత్ తీరానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 2020 జనవరి 4న అక్కడ 48.9 డిగ్రీలు నమోదైంది.

కాబట్టి మీరు మొదట కనుక్కోవలసింది డిగ్రీలు కాదు, గాలి తిరిగే వేళ. ఎండాకాలంలో రెండు మూడు రోజులు ఆ కాలనీకి వెళ్లి, ఏదైనా గుమ్మానికి కట్టిన తేలికపాటి గుడ్డ ఎప్పుడు దిశ మార్చుకుందో రాసుకోండి. అక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్న వాళ్లను అడిగితే టక్కున చెప్తారు కూడా.

తర్వాత కొలవడం. తేమ కూడా చూపించే డిజిటల్ థర్మామీటర్లు రెండు తీసుకోండి. ముందుగా రెండింటినీ ఒక రాత్రంతా పక్కపక్కనే పెట్టి, వాటి మధ్య తేడా ఎంతో చూసుకోండి. నావాటి మధ్య 0.7 డిగ్రీల తేడా వచ్చింది. అది గమనించకపోయి ఉంటే లేని తేడాను రెండు కాలనీలకు అంటగట్టేదాన్ని. తర్వాత ఒకటి తీరం దగ్గర, ఒకటి మీరు చూస్తున్న చోట పెట్టండి. నీడలో, గాలి ఆడేచోట, ఛాతీ ఎత్తులో ఉండాలి. వాతావరణ కేంద్రాలు కూడా 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులోనే కొలుస్తాయి. గోడకు తగిలిస్తే అది గోడ వేడినే చూపిస్తుంది.

ఒక్కటే ఉంటే బండి మీద తిరగండి. తీరం నుంచి లోపలికి వెళ్తూ ఐదారు చోట్ల ఆగి రాసుకోండి. తిరిగి వస్తూ అవే చోట్ల మళ్లీ రాసుకుని, రెండింటి సగటు తీయండి. ఈలోగా పొద్దు మారడం వల్ల వచ్చిన తేడా చాలావరకు పోతుంది. 1927లోనే వియన్నాలో విల్హెల్మ్ ష్మిట్ అనే వాతావరణ శాస్త్రవేత్త కారులో తిరుగుతూ రాత్రి ఉష్ణోగ్రతలు కొలిచాడు.

మధ్యాహ్నం చూసి ఊరుకోకండి, రాత్రి తొమ్మిదికి, తెల్లవారుజామున కూడా వెళ్లాలి. ఇళ్లు ఇరుకుగా, చెట్లు లేకుండా ఉన్నచోట కాంక్రీటు పగలు తాగిన వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటుంది. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రాత్రుల్లో చల్లగాలి బరువుగా జారి పల్లంలో చేరుతుంది. అందుకే గుట్ట కింది కాలనీలో తెల్లవారుజామున చలి, పైన కాస్త వెచ్చన.

తేమను చిన్నచూపు చూడకండి. 31 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న తీరపు గది, 36 డిగ్రీలు, 35 శాతం తేమ ఉన్న లోపలి గది కంటే ఒంటికి ఎక్కువ కష్టం, ఎందుకంటే చెమట ఆరదు. గాలి ఆడితేనే తీరం సుఖం. రెండు భవనాల మధ్య ఇరుక్కున్న తీరపు ఇంటికి ఆ సుఖమూ ఉండదు. పైగా ఉప్పు. కిటికీ ఊచలు, గేటు బందులు పట్టి చూడండి, తుప్పు ఎంత పట్టిందో అవే చెప్తాయి.

ఇంతా చూశాక మేము తీరానికి ఏడు కిలోమీటర్ల దూరంలో, సముద్రం వైపు వాలిన ఏటవాలు మీద ఇల్లు తీసుకున్నాం. గాలి అక్కడికి పన్నెండున్నరకు వస్తుంది. అమ్మ మంచం ఆ కిటికీ పక్కనే వేశాను.