మాస్కుల ఆధారాలపై వాదించదలచినవారికి

హైదరాబాద్‌లో జలుబులు, జ్వరాలు ప్రబలగానే అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాల్లోనూ కాలేజీ చర్చల్లోనూ మాస్కుల ప్రస్తావన మళ్లీ వస్తుంది. ఆ వాదనలో దిగదలచినవారు ముందుగా "మాస్కు పనిచేస్తుందా" అన్న ప్రశ్నను మూడుగా విడదీయాలి: మాస్కు పదార్థం సూక్ష్మకణాలను ఆపుతుందా, సరిగా ధరించిన వ్యక్తికి రక్షణ ఉంటుందా, అందరినీ ధరించమంటే సమాజంలో వ్యాధి తగ్గుతుందా. మొదటిదానికి ప్రయోగశాలలు ఏనాడో జవాబిచ్చాయి, 0.3 మైక్రాన్ల పరిమాణంలోని కణాల్లో కనీసం 95 శాతాన్ని వడగడితేనే ఎన్95 అన్న గుర్తింపు దక్కుతుంది. ఆ జవాబునే మూడో ప్రశ్నకూ అతికించడం వల్ల వాదనలు దారి తప్పుతున్నాయి. మూడోది మనుషుల నడవడికకు సంబంధించినది కనుక, గడ్డం కిందికి జారిన మాస్కు కూడా అక్కడ లెక్కలోకి వస్తుంది.

ఇక అధ్యయనాలను ఉదహరించేటప్పుడు, ఒక్కొక్కటి దేన్ని కొలిచిందో చెప్పకుండా దాని ఫలితాన్ని చెప్పకండి. 2020లో డెన్మార్క్‌లో సుమారు 6,000 మందిని లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విడదీసినప్పుడు, బయట మాస్కు ధరించమన్న బృందంలో 1.8 శాతానికి, రెండో బృందంలో 2.1 శాతానికి కోవిడ్ సోకింది. అసలు ప్రభావం 46 శాతం తగ్గుదల నుంచి 23 శాతం పెరుగుదల వరకు ఎక్కడైనా ఉండవచ్చని ఆ లెక్క చెబుతోంది; అంటే ప్రయోజనం రుజువు కాలేదు, ప్రయోజనం లేదనీ రుజువు కాలేదు. పైగా అది ధరించినవారికి కలిగే రక్షణనే కొలిచింది, వారి నుంచి ఇతరులకు సోకడాన్ని కొలవలేదు.

బంగ్లాదేశ్ అధ్యయనం మీద ఎక్కువ సమయం వెచ్చించండి, ఎందుకంటే మూడో ప్రశ్నను అది నేరుగా అడిగింది. 600 గ్రామాల్లో జరిగిన ఆ ప్రయోగంలో, ఉచితంగా మాస్కులిచ్చి పదేపదే గుర్తుచేసిన గ్రామాల్లో సరిగా ధరించేవారు 42 శాతానికి చేరగా, మిగిలిన గ్రామాల్లో 13 శాతమే ఉన్నారు. లక్షణాలుండి రక్తపరీక్షలో నిర్ధారణ అయిన కేసులు మొత్తం మీద 9 శాతం పైచిలుకు తగ్గాయి. సర్జికల్ మాస్కులు పంచిన గ్రామాల్లో 60 ఏళ్లు దాటినవారిలో తగ్గుదల 35 శాతం దాకా ఉంది. గుడ్డ మాస్కుల విషయంలో అంత స్పష్టత రాలేదు. మాస్కులు పంచిన గ్రామాల్లో జనం ఎడం పాటించడమూ కొంత పెరిగిందని, తగ్గుదలలో దాని వాటా ఉండవచ్చని ఎదుటివారు అంటే ఒప్పుకోండి, అది న్యాయమైన అభ్యంతరం.

వైద్య అధ్యయనాలను కూడగట్టి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023 జనవరిలో వెలువరించిన సమీక్షను ఎవరో ఒకరు తప్పక తెస్తారు. సమాజంలో మాస్కుల వల్ల కలిగే తేడా బహుశా స్వల్పం, లేదా అసలు లేదు అని ఆ సమీక్ష అన్నది నిజమే. అయితే దాన్ని "మాస్కులు పనిచేయవు" అని చదవడం సరికాదని, ఫలితాలు ఎటూ తేల్చలేదని మార్చిలో కాక్రేన్ ప్రధాన సంపాదకురాలే ప్రకటించారు. ఈ రెండు వాక్యాలనూ కలిపి చెప్పేవారి మాటనే సభ నమ్ముతుంది, నమ్మాలి కూడా.

మన నగరపు అనుభవాన్ని రుజువుగా వాడకండి. 2020 మే నెలలో తెలంగాణలో మాస్కు లేనివారికి 1,000 రూపాయల జరిమానా విధించారు. ఆ తర్వాత కేసులు పెరిగాయని ఒకరు, జరిమానా లేకుంటే ఇంకా పెరిగేవని మరొకరు అంటారు. అదే కాలంలో లాక్‌డౌన్ సడలింపులూ జరిగాయి కాబట్టి, ఏది దేనివల్ల జరిగిందో ఆ గ్రాఫు ఒక్కటే చూసి ఎవరూ తేల్చలేరు.

చివరగా, చర్చాంశాన్ని ఇరుకుగా రాయించండి. "అందరికీ ఎప్పుడూ తప్పనిసరి" అన్న తీర్మానానికీ, "వ్యాధి ప్రబలినప్పుడు ఆసుపత్రి ఓపీ వరుసలో, కిక్కిరిసిన సిటీ బస్సులో ధరించాలి" అన్న తీర్మానానికీ కావలసిన ఆధారాలు వేరు. మొదటిదాన్ని సమర్థించేవారు, పెదవుల కదలికను బట్టి మాట గ్రహించే వినికిడి లోపమున్నవారికి, మాటలు నేర్చుకుంటున్న పసిపిల్లలకు కలిగే ఇబ్బందిని కూడా లెక్కలో చూపాలి.